పాత ట్రాక్టరు ఇంజను – దాని జీర్ణోద్ధరణము

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములయందు నల్లరేగడి భూములు విస్తారముగా నున్నవి. ఈ నేల తడిసిన యెడల బంకవలె నంటుకొనును. ఎండిన యెడల గట్టిపడి నెఱ్ఱెలు విచ్చును. కావున దున్నుటకును విత్తుటకును తగిన పదును కొలది దినములు మాత్రమే నిలుచును. పూర్వము మడకయు, గుంటకయు, గొఱ్ఱును, వానిని లాగు నెద్దులును రైతునకు బలముగా నుండెను. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరయందు నేటికిని పశువుల సంత జరుగుచున్నను, దుక్కిపని చాలవఱకు ట్రాక్టరు వశమైనది. మృగశిర కార్తెలో వాన కురిసిన మఱునాడు ట్రాక్టరు కదలనిచో ఆ యేటి పంటయే చేజారవచ్చును. అందుచేత ముదిసిన యింజనును మరల పనికి దెచ్చు విధమును విద్యార్థులును, వారి తలిదండ్రులును తెలిసికొనుట మేలని తలంచి యీ పాఠమును వ్రాయుచున్నాము.

ఇంజను స్వభావము

డీజిలు ఇంజనును కనిపెట్టినవాడు రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు. ఇతడు 1858లో పారిస్ నగరమున జన్మించి, 1897లో ఔగ్స్‌బర్గు పట్టణమున తన యింజనును జయప్రదముగా నడిపించెను. దీనికి నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు అక్కఱలేదు. సిలిండరులో జొచ్చిన గాలిని పిస్టను మిక్కిలి బిగువుగా నొత్తగా ఆ గాలి కాగును. కాగిన గాలిలోనికి నాజిలు డీజిలును తుంపరగా జిమ్మగా అది తనంతట మండును. సైకిలు చక్రమునకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వెచ్చనగుట మీరందఱు నెఱిగినదే.

మన దేశమున ట్రాక్టర్ల తయారు 1959లో ఐషర్ వారితో మొదలైనది. 1960లో చెన్నపట్టణమున టాఫే సంస్థ స్థాపితమై, మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు అచట తయారగుటకు దారి యేర్పడెను. ఆ జాతిలో పేరుపడిన 35 అను ట్రాక్టరునకు అమర్చిన మూడు సిలిండర్ల పెర్కిన్స్ ఇంజనును దృష్టాంతముగా దీసికొందము. ఒక్కొక్క సిలిండరు వ్యాసము 3.6 అంగుళములు, పిస్టను నడక 5 అంగుళములు. వ్యాసార్ధము 1.8, దాని వర్గము 3.24, దీనిని 3.1416 చేత గుణింప 10.18 చదరపుటంగుళములు వచ్చును. దానిని నడకచేత గుణింప 50.9, మూడు సిలిండర్లకు 152.7 ఘనపుటంగుళములు. ఈ యింజనునకు 3.152 అను పేరు ఇందుచేతనే కలిగినది. మొదటి యంకె సిలిండర్ల సంఖ్య, తక్కినది ఘనపరిమాణము. మెట్రికు కొలతలో నిది రెండున్నర లీటర్లు.

అరుగుటకు కారణము

ఈ జాతి ఇంజనులో ప్రతి సిలిండరును రెండు చుట్లకొకసారి గాలి పీల్చును. నిమిషమునకు 2000 చుట్లు తిరుగునప్పుడు మూడును కలిసి నిమిషమునకు సుమారు 2500 లీటర్ల గాలిని, అనగా గంటకు 150 ఘనపు మీటర్ల గాలిని పీల్చును. పది మీటర్ల పొడవును, అయిదు మీటర్ల వెడల్పును, మూడు మీటర్ల యెత్తును గల తరగతి గదిలో పట్టు గాలి యంత! వేసవి దుక్కిలో ట్రాక్టరు వెనుక లేచు దుమ్మును జూచినవారికి ఆ గాలితోడ నేమి లోనికి బోవునో వేరుగ జెప్పనక్కఱలేదు.

ఆ దుమ్మును అడ్డుటకే ఎయిర్ క్లీనరు ఉన్నది. పాత ట్రాక్టర్లలో దీని యడుగున నూనెగిన్నె యుండును. గాలి యా నూనెను తాకి పైకి బోవునపుడు దుమ్ము నూనెలో జిక్కును. గిన్నెలో బురద నిండినను, క్లీనరునుండి యింజనునకు బోవు రబ్బరు గొట్టము పగిలినను, దుమ్ము తిన్నగా సిలిండరులో జొచ్చును. ఇసుకరేణువులు ఇంజను నూనెతో గలిసి సానపొడివలె నయి లైనర్లను, రింగులను, క్రాంకును, బేరింగులను అన్నింటిని ఒరయును.

అరిగిన రింగుల సందున గాలి జాఱిపోవును. తగినంత యొత్తిడి లేనందున గాలి కాగదు. గాలి కాగనందున చలి యుదయమున ఇంజను అందుకొనదు. బ్రీదరు గొట్టమునుండి పొగ వెడలుట, నీలిపొగ వచ్చుట, నూనె తఱుగుట, నూనె యొత్తిడి పడిపోవుట మొదలగు చిహ్నములు గనబడును. మెకానిక్కులు దీనినే ‘ఇంజను బోరుకు వచ్చినది’ అందురు.

విప్పుట, కొలుచుట

ముందుగా ఇంజనును పైపైన గడిగి, నూనెను నీటిని దించవలెను. విప్పిన ప్రతి భాగమునకు గుర్తు పెట్టవలెను. ముఖ్యముగా బేరింగు క్యాపులు దేని చోటికది, ఏ ముఖముగా నున్నది ఆ ముఖముగానే మరల చేరవలెను.

తరువాత కొలత. లైనరు అంతట సమముగా నరగదు. పై రింగు తిరుగు చోట నెక్కువగాను, క్రింద తక్కువగాను అరుగును. రింగు చేరని పైయంచున చిన్న గట్టు మిగులును. కావున పైన, నడుమ, క్రింద మూడుచోట్లను, ఒక్కొక్క చోట అడ్డముగాను నిలువుగాను బోరు గేజితో గొలువవలెను. క్రాంకు మెడలను మైక్రోమీటరుతో గొలిచి, అవి గుండ్రముగా నున్నవో కోలగా మాఱినవో చూడవలెను. మెడలు అరిగిన యెడల లేతు షాపులో అంగుళమున వెయ్యింట 10, 20 లేక 30 వంతులు తగ్గించి సానబట్టి, ఆ కొలతకు సరియైన బేరింగులను వేయుదురు.

ఖర్చునకు వెఱచి కొందఱు అరిగిన లైనర్లలోనే క్రొత్త రింగులను వేయింతురు. ఇది మిక్కిలి నష్టకరము. క్రొత్త రింగు పైయంచున నున్న గట్టునకు దగిలి విఱుగవచ్చును. విఱుగకున్నను కోలగానున్న లైనరునకు గుండ్రని రింగు పొందదు. కొలది కాలములోనే మరల విప్పవలసి, రైతు ఒకే పనికి రెండుసార్లు సొమ్ము చెల్లించును.

ఉప్పునీరు పోసిన యింజనులలో నీటిదారులయందు సున్నపుపెచ్చు గట్టియుండును. దానిని తీయనిచో క్రొత్త పిస్టనులు సైతము వేడికి బిగుసుకొనును.

కూర్చుట

పాత లైనర్లను ఒత్తి తీసి, క్రొత్తవానిని దించి, కొలతకు బోరు చేయింపవలెను. ప్రతి రింగును లైనరులో సమముగా నిలిపి, దాని కొనల నడుమ సందును కొలిచి చూడవలెను. వాల్వులను వాని పీటలపై నూఱి అమర్చవలెను. టైమింగు పండ్లచక్రములపై నుండు గుర్తులు ఒకదాని కొకటి యెదురుగా రావలెను. హెడ్డు బోల్టులను నడుమనుండి వెలుపలికి, పలు దఫాలుగా, కొలత గల రెంచితో బిగింపవలెను. వాల్వుల సందు చల్లని యింజనులో అంగుళమున వెయ్యింట 12 వంతులు, వేడెక్కిన తరువాత 10 వంతులు ఉండవలెను. నాజిళ్లను పరీక్షించునపుడు చేతిని తుంపర కడ్డముగా నుంచరాదు. ఆ యొత్తిడికి డీజిలు చర్మమును దూసికొని లోనికి బోయి ప్రాణాపాయము కలిగించును.

మొదటి నడక

డీజిలు గొట్టములలోని గాలిని వెడలించి, స్టాపు లాగియుంచి, నూనె యొత్తిడి గనబడువఱకు ఇంజనును ద్రిప్పిన పిమ్మటనే నడుపవలెను. మొదట కొన్ని గంటలు బరువైన దుక్కికి బంపరాదు. ఊరక నిలిపి నెమ్మదిగా నాడించుచు నుండుటయు మంచిది కాదు. మితమైన పనిలో రింగులు లైనరునకు పొందిక యగును. అటుపిమ్మట నూనె మార్చి, హెడ్డు బిగువును వాల్వుల సందును మరల చూడవలెను.

ఇన్ని చేసియు ఎయిర్ క్లీనరును, దాని రబ్బరు గొట్టమును, క్లిప్పులను పూర్వమువలెనే విడిచినచో క్రొత్త లైనర్లును పాతవాని దారినే పోవును. కావున ఏ భాగము చెడినదో కనుగొనుటతో మాత్రమే మెకానిక్కు పని ముగియదు; ఏల చెడినదో తెలిసికొని, ఆ మూలమును మాన్పినప్పుడే రైతు సొమ్ము సార్థకమగును. దుమ్ములో బని చేయు దినములలో నూనెగిన్నెను ప్రతి దినము విప్పి చూచి, బురదను దీసి, గుర్తువఱకు క్రొత్త నూనె పోయుటకు కొలది నిమిషములు చాలును.

విద్యార్థులారా! గణితపాఠములో వృత్తవైశాల్యము మనకేల యని యడుగువారు మీలో నుందురు. అంగుళమున వెయ్యవ వంతు తప్పక గొలుచువాని చేతిలో ఒక రైతు కుటుంబపు విత్తనకాలము నిలిచియున్నది. స్వల్పమైన దానియందు నమ్మకముగా నుండిన దాసుని గూర్చి మనము వేదపాఠములో జదువుచున్నాము. మీ యింట ట్రాక్టరు ఉన్నచో నేటి సాయంకాలమే ఆ నూనెగిన్నెను విప్పి చూడుడు.