ప్లస్ టూ ముగించిన అబ్బాయిలు – "భవిష్యత్ ప్రణాళిక" గడి



బ్యాంకు గుమాస్తాగా రిటైరైన నాటి నుండి మన ట్రస్టుకు వచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తులు పరిశీలిస్తున్నాను. ఈ యేడు హోసూరు వైపు ఒక అబ్బాయిల పాఠశాలలో ప్లస్ టూ ముగించినవారివి చూశాను. మార్కులు వేరు, స్వభావాలు వేరు. "భవిష్యత్ ప్రణాళిక" గడిలో మాత్రం చాలామందిది ఒకే మాట: "మంచి ఉద్యోగం".

ఒకడు మితభాషి, కామర్స్ గ్రూపు. క్రికెట్ జట్టు చందాలు, బంతుల ఖర్చు రెండేళ్లుగా రాసేది ఇతనే. ఆ నోటుపుస్తకం తెప్పించి చూశాను. అంత శుభ్రమైన పద్దు బ్యాంకులోనూ అరుదు. సి.ఏ. చదవాలని ఉందట. ఖర్చుకు భయపడతారని, గులాబీ తోటలో కూలికి పోయే తండ్రితో చెప్పలేదట.

ఆ తండ్రిగారి కోసమే ఇది రాస్తున్నాను. ప్లస్ టూ ప్యాసైనవారు సి.ఏ. ఫౌండేషన్ రాయవచ్చు. నాలుగు పేపర్లు, ఒక్కొక్కదానిలో 40, మొత్తం మీద 50 శాతం రావాలి. చివరి రెండు పేపర్లలో తప్పు జవాబుకు పావు మార్కు కోత, కనుక గుడ్డిగా గుర్తు పెట్టరాదు. తర్వాత ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ పూర్తిచేసి రెండేళ్ల ఆర్టికల్‌షిప్ చేయాలి (2023కు ముందు మూడేళ్లుండేది). ఆ కాలంలో కొద్దిపాటి స్టైపెండ్ వస్తుంది. ఫౌండేషన్‌లో ప్రతి విడతా తప్పేవారే ఎక్కువ. అందుచేత బి.కాం.లో కూడా చేర్పించండి, సంవత్సరం వృథా కాదు.

మరొకడు ఎన్.సి.సి.లో చురుకైనవాడు. అడిగితే సైన్యం అన్నాడు, దరఖాస్తులో ఆ మాటే లేదు! ఎన్.డి.ఏ. పరీక్ష యేడాదికి రెండుసార్లు, శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే. కాని 19½ ఏళ్లు దాటితే అర్హత ఉండదు. "డిగ్రీ అయ్యాక చూద్దాం" అంటే ఆ దారి మూసుకుపోతుంది.

గడి నింపేటప్పుడు కోర్సు పేరు, పరీక్ష నెల, మొదటి యేడాది ఫీజు రాయండి. "ఆటపాటలు" గడి ఖాళీగా వదలకండి, నేను ముందు చదివేది అదే.