కృత్రిమ మేధ - కొనుగోలుదారుల నమ్మకము

సంఘములలో ఇప్పుడు కృత్రిమ మేధచేత చీరల బొమ్మలు వేయించుట, వర్ణనలు వ్రాయించుట, వాట్సాపులో వచ్చు ప్రశ్నలకు జవాబులు చెప్పించుట మొదలైనది. గుమాస్తాను పెట్టుకొనలేని చిన్న సంఘములకు ఇది ఊరటయే. ఐతే ఏ పని దానికి అప్పగింపవచ్చునో, ఏది కూడదో ముందే తేల్చుకొనవలెను.

మొదట బొమ్మ సంగతి. అమ్మకమునకు పెట్టునది మగ్గము దిగిన చీర ఫోటోయే కావలెను. ఇక్కత్తునే తీసుకొనుడు. నూలుకు ముడులు కట్టి, రంగు వేసి, ఆ పైన నేయుదుము గనుక పువ్వు అంచు కొంచెము చెదరినట్లుండును. యంత్రము వేసిన బొమ్మలో ఆ అంచు కత్తితో కోసినట్లు ఉండవచ్చును. అది చూచి డబ్బు పంపిన ఆమెకు అసలు చీర చేరినప్పుడు, నేత గుణమే నేతగాని లోపముగా కనబడును. ఎంత అన్యాయము!

క్రొత్త నమూనాల ఆలోచనకు మాత్రము యంత్రమును వాడుకొనవచ్చును. కాని దానికి మన మగ్గము తెలియదు. 240 హుక్కుల జాకార్డుపై, ఒక పువ్వు వెడల్పులో విడివిడిగా లేవవలసిన పడుగుపోగులు ఆ లెక్కను మించినచో నేయుటకు రాదు. గ్రాఫు కాగితముపై గీచి చూడనిదే ఆర్డరు ఒప్పుకొనరాదు.

ఇక మాటలు. యంత్రము అడుగకుండనే మాటలకు జరీ అద్దును. 80వ నెంబరు నూలు చీర అని మనము చెప్పగా, ‘సహజ రంగులు, స్వచ్ఛమైన వెండి జరీ’ అని చేర్చగలదు. మనము వాడినవి వాట్ రంగులు, హాఫ్‌ఫైన్ జరీ అయితే అది అబద్ధమే. యంత్రము వ్రాసినదనుట సమాధానము కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద, తప్పుదోవ పట్టించు ప్రకటనకు సరుకు తయారుచేసినవారికి 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. కనుక స్టాకు పుస్తకములో ప్రతి రకమునకు నూలు నెంబరు, రంగు, జరీ, పొడవు, మగ్గము రకము వ్రాసియుంచి, వాటినే యంత్రమునకు ఇవ్వవలెను. వచ్చిన వ్రాతను పుస్తకముతో పోల్చి ఒకరు సంతకము చేయవలెను. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్కు చేతిమగ్గపు బట్టకే చెందినది. ఆ గుర్తును బొమ్మలో యంత్రముచేత వేయింపరాదు.

తెలుగునాటికి వెలుపలనున్న మనకు మరొక చిక్కు, తర్జుమా. ‘పేక’ అనగా ఆడుకొను ముక్కలని యంత్రము పొరబడవచ్చును! మరాఠీయో, తమిళమో, కన్నడమో, ఒడియాయో బడిలో చదివిన మన పిల్లలచేత ఒకసారి చదివించుడు.

జవాబిచ్చునది యంత్రమని కొనుగోలుదారునకు మొదటి వాక్యములోనే తెలుపవలెను. రంగు దిగినదను ఫిర్యాదును మాత్రము దానికి వదలరాదు. ఆ చీర ఏ సభ్యుని మగ్గముదో, నూలు ఎప్పుడు రంగు వేసినదో పుస్తకము చూచి చెప్పవలసినది మనమే. ఆ జవాబు ఆనాడే పోవలెను.