ఏంజెల్ ద్వీపము: ఒక పగటి విహారము, ఒక గోడ చదువు

మహానగరములకు చేరువగా నీటినడుమ నున్న ద్వీపములను ఉద్యానవనములుగా తీర్చుట అనేక దేశములలో కనబడు పద్ధతి. నగరవాసి సెలవునాడు పడవ యెక్కి, కార్ల రొద లేనిచోట కొన్ని గంటలు గడపి, సాయంకాలమునకు ఇల్లు చేరును. అమెరికా పశ్చిమతీరమున శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున కెదురుగా, ఆ పేరుగల అఖాతములోనే యున్న ఏంజెల్ ద్వీపము అట్టిదే. వైశాల్యము సుమారు 740 ఎకరములు. నేడది కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వపు ఉద్యానవనము. నడక, సైకిలు సవారి, కొండ యెక్కుట, వనభోజనము, ముందుగా అనుమతి పొందినచో గుడారము వేసికొని రాత్రి యుండుట, ఇవన్నియు ఇచ్చట చేయదగిన పనులే. వీనితోపాటు చదువదగిన ఒక గోడయు నచ్చట కలదు. సందర్శకులలో పలువురు మొదటి వానితోనే తృప్తిపడి, గోడను చూడకయే మరలిపోవుదురు.

హైదరాబాదునుండియు, మన ఇతర తెలుగు జిల్లాలనుండియు చదువులకును ఉద్యోగములకును ఆ ప్రాంతమునకు పోవు యువకుల సంఖ్య నేడు స్వల్పము కాదు. మన కళాశాల విడిచిన పిదప మీలో కొందరైనను అటు పోవచ్చును. వారి కుపయోగించునట్లు, పోనివారికిని తెలియునట్లు, ఆ ద్వీపమున ఒక పగలు ఎట్లు గడపవలెనో వివరించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

ద్వీపమునకు వంతెన లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో రేవునుండియు, ఉత్తరపు గట్టుననున్న టిబురాన్ పట్టణమునుండియు పడవలు నడచును. టిబురాన్ నుండి రకూన్ జలసంధిని దాటుటకు పావుగంట చాలును. సొంత కార్లను, కుక్కలను తీసికొనిపోరాదు. దిగగానే చేయవలసిన మొదటి పని తిరుగు పడవ వేళను తెలిసికొనుట. ఋతువునుబట్టి అది మారుచుండును. వెంట ఒక ఉన్ని దుస్తు ఉండవలెను. గోల్డెన్‌గేట్ ముఖమునుండి సముద్రపు పొగమంచు జూలై నెలలోను లోనికి చొచ్చుకొని వచ్చును. మన వేసవిని తలచుకొని పలుచని చొక్కాతో పోవువాడు వణకుట తథ్యము. సెప్టెంబరు, అక్టోబరు మాసములలో ఆకాశము తేటగా ఉండును.

పడవ ఆగుచోటు ఆయాలా కోవ్. 1775 ఆగస్టు మాసమున హువాన్ మాన్యుయేల్ దె ఆయాలా అను స్పెయిన్ నావికుడు తన ‘శాన్ కార్లోస్’ ఓడను ఇచ్చట నిలిపి, ద్వీపమునకు దేవదూతల పేరు పెట్టెను. అంతకు ఎన్నియో శతాబ్దములకు ముందునుండియు కోస్ట్ మివోక్ జాతివారు వేటకును చేపలకును ఇచ్చటికి వచ్చుచుండిరి. పేరు పెట్టినవాడే కనుగొన్నవాడనుట చరిత్రలో తరచుగా జరుగు పొరపాటు. 1891లో ఈ ఒడ్డుననే ఓడప్రయాణికులను అంటువ్యాధుల భయముతో వేరుగా నుంచు కేంద్రము వెలసినది. ఇప్పుడచ్చట పచ్చిక, భోజనపు బల్లలు ఉన్నవి. పలువురు ఇచ్చటనే చతికిలబడుదురు. భోజనమును తరువాత పెట్టుకొమ్మని నా సలహా.

ద్వీపమును చుట్టివచ్చు బాట 5 మైళ్లకు పైగా ఉండును. రేవునుండి ఎడమచేతివైపు, అనగా తూర్పుగా, నడక సాగించినచో మొదట కొంత ఎక్కుడు. పిమ్మట ఈశాన్యపు మూలలో, కొండవాలున, నీటికి చేరువగా రెండంతస్తుల చెక్క కట్టడ మొకటి కానవచ్చును. అదియే వలసదారుల విచారణకేంద్రము. 1910 జనవరినుండి 1940 వరకు ముప్పది సంవత్సరములు అది పనిచేసినది. దినములో సగము ఇచ్చటనే గడపినను నష్టము లేదు.

దీనిని పశ్చిమపు ఎల్లిస్ ద్వీపమని వ్యవహరించుట పరిపాటి. ఆ పోలిక సరియైనది కాదు. న్యూయార్కు ముంగిటి ఎల్లిస్ ద్వీపమున దిగిన ఐరోపావారిలో అధికులు కొన్ని గంటలలోనే నగరము చేరిరి. ఇచ్చట నిర్బంధింపబడిన వారిలో అధికులు చైనీయులు; వారు దినములు, వారములు, నెలలు, కొందరైతే ఏడాదికి పైగాను, తీగకంచె లోపల వేచియుండిరి. అది ద్వారముగా గాక గడియగా నిర్మింపబడినది.

కారణము 1882 నాటి చట్టము. చైనా కూలీలు దేశములోనికి రారాదని అమెరికా అప్పుడు శాసించెను. వర్తకులు, విద్యార్థులు, ఉపాధ్యాయులు, అమెరికాలో పుట్టిన చైనీయులు, వారి సంతానము మాత్రము మినహాయింపు పొందిరి. 1906 ఏప్రిల్ నెలలో శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపము, దానివెంట అగ్నిప్రమాదము సంభవించి నగరపు జనన పత్రములు భస్మమైనవి. అటుపిమ్మట పలువురు చైనీయులు తాము అమెరికాలోనే పుట్టితిమని చెప్పుకొనిరి. స్వదేశమున తమకు ఇందరు కొడుకులున్నారని వ్రాయించిరి. ఆ పేర్లను ఇతర కుర్రవాండ్రకు విక్రయించిరి. ఇట్లు వచ్చినవారికి కాగితపు కొడుకులని పేరు. అన్యాయపు చట్టము అసత్యమును పుట్టించును, ఆ అసత్యమును పట్టుటకు విచారణ మరింత కఠినమగును; ఈ ద్వీపపు చరిత్రలో సగము ఈ చక్రమే.

విచారణ ఎట్లుండెడిదో మీరే ఊహించి చూడుడు. దుబాసి సహాయముతో అధికారులు ఇట్టి ప్రశ్నలు వేసెడివారు: మీ ఇంటికి మెట్లెన్ని? మీ వీధి వరుసలో మూడవ ఇల్లు ఎవరిది? ఊరిబావి ఏ దిక్కున నున్నది? బియ్యపు జాడీ ఏ గదిలో నుండును? ఇవే ప్రశ్నలను తండ్రిని, సాక్షులను వేరుగా అడిగి సమాధానములు పోల్చెడివారు. తేడా వచ్చినచో తిరుగు ఓడ. మన ఇంటి మెట్ల సంఖ్య మనలో ఎందరికి తెలియును? నిజమైన కొడుకును తడబడును. బట్టీపట్టిన దొంగ కొడుకు తడబడకపోవచ్చును. సమాధానముల కాగితములను ఓడలో కంఠస్థము చేసి, తీరము కానరాగానే సముద్రములోనికి విసరుట ఆనవాయితీ యయ్యెను.

ఇక గోడ. పురుషులను ఉంచిన గదులలో మంచములు అంతస్తులుగా అమర్చబడియుండెడివి. నిర్బంధితులు మొదట సిరాతోను పెన్సిలుతోను గోడలపై పద్యములు వ్రాసిరి. అధికారులు వానిపై రంగు వేయించిరి. అంతట వారు కత్తిమొనతో చెక్కలోనికే చెక్కసాగిరి. చెక్కిన గంటులలో లప్పము నింపి మరల రంగు పూసిరి. కాలక్రమమున ఆ లప్పము క్రుంగి, అక్షరముల రూపు మరల పైకి తేలినది. చెరపుటకు పూసినదే చెక్కను తేమనుండి కొంత కాపాడినదనుట విచిత్రము.

ఇట్టి చైనా పద్యములు 200కు పైగా గుర్తింపబడినవి. పాదమునకు ఐదు లేక ఏడు అక్షరములు, నాలుగు లేక ఎనిమిది పాదములు, ప్రాచీన ఛందస్సు. వ్రాసినవారు పండితులు కారు. కాంటన్ పరిసర గ్రామములనుండి వచ్చిన, ఊరిబడిలో చదువుకొన్న యువకులు. ఛందోదోషములు లేకపోలేదు. అయినను షియోంగ్నూల చెరలో పందొమ్మిదేండ్లు గొర్రెలు కాచిన సు వూ వంటి చరిత్రపురుషులను తలచుకొని తమ స్థితికి పోల్చుకొనిరి. ఇంటిమీది బెంగ, చేసిన అప్పు, బలహీనమైన స్వదేశముపై విచారము, వెనుక రాబోవు వారికి హెచ్చరిక, ఇవి వారి వస్తువులు. పలు పద్యముల క్రింద పేరు లేదు. గోల్కొండ చెరలో కంచెర్ల గోపన్న పాడిన కీర్తనలు ఎరిగిన తెలుగు విద్యార్థికిని, ఫైజ్ కవి ‘జిందాన్ నామా’ చదివిన ఉర్దూ విద్యార్థికిని ఈ గోడ పరాయిదిగా తోచదు. గోపన్నకును ఫైజ్‌కును పేరు మిగిలినది. వీరికి గోడ మాత్రమే మిగిలినది.

స్త్రీలను కార్యాలయ భవనములో ఉంచిరి. 1940 ఆగస్టులో ఆ భవనము అగ్నికి ఆహుతియైనది. కావున వారు వ్రాసినది ఏదియు నేడు గోడపై లేదు. ఖాళీగానున్న ఆ స్థలమువద్దను సందర్శకుడు కొంచెము నిలువవలెను.

పురుషుల గదులును కొద్దిలో తప్పినవి. ద్వీపము ఉద్యానవనమైన పిదప ఈ కట్టడమును కూల్చుటకు నిర్ణయమైనది. 1970లో అలెగ్జాండర్ వైస్ అను వనరక్షకుడు చీకటిగదిలో టార్చిలైటు వేసి చూడగా గోడనిండ అక్షరములు కానవచ్చినవి. పైయధికారులు లెక్కచేయలేదు. ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కళాశాల ఆచార్యుడు జార్జి అరాకికి తెలుపగా, ఆయన ఛాయాగ్రాహకుని వెంటబెట్టుకొని వచ్చి గోడలను చిత్రములు తీయించెను. విద్యార్థులు, వలసదారుల సంతతివారు ఆందోళన సాగింపగా 1976లో రాష్ట్ర శాసనసభ 2,50,000 డాలర్లు మంజూరు చేసెను. 1980లో హిమ్ మార్క్ లై, జెన్నీ లిమ్, జూడీ యుంగ్ అను మువ్వురు ఈ పద్యములను ఆంగ్లానువాదముతో ‘ఐలాండ్’ అను గ్రంథముగా ప్రకటించిరి. 1983లో కట్టడము ప్రజలకు తెరువబడినది. 1997లో జాతీయ చారిత్రక స్థలముగా గుర్తింపు పొందినది. పాత ఆసుపత్రి భవనము 2022లో ప్రదర్శనశాలగా తెరువబడినది. గోడను చేతితో తాకక, వెలుతురు ఓరగా పడువైపు నిలిచి చూచినచో అక్షరములు స్పష్టముగా కనబడును.

ఈ గోడలపై చైనా భాషయే గాక జపనీ, కొరియా, రష్యా, పంజాబీ భాషల వ్రాతలును కలవు. పంజాబీ మాట వినగానే మనవారి సంగతి జ్ఞప్తికి వచ్చును. సిక్కులను, ముస్లిములను, హిందువులను అందరిని ‘హిందువు’లనియే అచ్చటి అధికారులు పిలిచిరి. కొంకిపురుగు వ్యాధి కలదనియో, ప్రజలకు భారమగుదురనియో నెపము చూపి పెక్కుమందిని త్రిప్పిపంపిరి. 1917 చట్టము భారతీయ కూలీలకు తలుపు పూర్తిగా మూసివేసినది. ఈ అవమానముల వాతావరణమందే 1913లో ఆ తీరమున గదర్ పార్టీ పుట్టినది. దాని పత్రిక ‘గదర్’ 1913 నవంబరు 1వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోనుండి మొదట వెలువడినది ఉర్దూభాషలో. గురుముఖి పిమ్మట వచ్చినది. ఆ పార్టీలో చేరిన తెలుగువాడు కనిగిరి ప్రాంతపు దరిశి చెంచయ్య. విద్యకై కాలిఫోర్నియా చేరిన ఆయన తన అనుభవములను ‘నేనూ నా దేశం’ అను ఆత్మకథలో వ్రాసెను. మన గ్రంథాలయములలో వెదకి చదువదగిన పుస్తకము. చైనీయుల నిషేధము 1943లో తొలగినది, భారతీయులకు 1946లో ఏటికి 100 మంది చొప్పున అనుమతి లభించినది. నేటి మన యువకులకు త్రోవ తీసినది 1965 నాటి చట్టము.

ఇచ్చటినుండి బాట దక్షిణముగా సాగును. మెక్‌డొవెల్ కోట శిథిల సైనిక భవనములు, క్వారీ బీచి ఇసుక, 1954నుండి 1962వరకు నడచిన క్షిపణిస్థావరము, పడమట 1863లో అంతర్యుద్ధ కాలమున కట్టిన రెనాల్డ్స్ శిబిరము వరుసగా వచ్చును. సైనిక చరిత్రపై అభిరుచి గలవారు ఆగవచ్చును. తక్కినవారు నడకలోనే చూచి సాగిపోవచ్చును. క్వారీ బీచి భోజనమునకు అనువైనది. పడమటి పెర్లెస్ బీచిలో ప్రవాహము బలమైనది గనుక నీట దిగుట క్షేమము కాదు.

ఒకప్పుడు ద్వీపమున పలుచోట్ల నీలగిరి చెట్లుండెడివి. ఆస్ట్రేలియానుండి వచ్చిన ఈ చెట్టు ఇతర మొక్కలను ఎదగనీయదు, త్వరగా మండును. 1990ల దశాబ్దములో వానిలో అత్యధిక భాగమును తొలగించిరి. 2008 అక్టోబరులో ద్వీపమున సగమువరకు మంటలు వ్యాపించినను చారిత్రక కట్టడములు దక్కినవి. నీలగిరి తోటలు విరివిగా వేయుచున్న మన ప్రాంతమువారు ఈ సంగతి గమనింపవలెను.

కాళ్లలో సత్తువ మిగిలినచో లివర్‌మోర్ కొండ యెక్కవచ్చును. ఎత్తు 788 అడుగులు. క్షిపణులకై చదును చేసిన శిఖరమును తరువాత మట్టి పోసి పూర్వపు ఎత్తునకు తెచ్చిరి. పైనుండి చూచినచో పడమట గోల్డెన్‌గేట్ వంతెన, దక్షిణమున ఆల్కట్రాజ్, దానికి ఆవల శాన్‌ఫ్రాన్సిస్కో మేడలు, తూర్పున బర్క్‌లీ. విచారణకేంద్రము ఈశాన్యపు వాలున ఉండుటవలన ఆ కిటికీలనుండి ఈ నగరము కనబడదు. ఉత్తరపు కాలిబాటవెంట దిగినచో ఆయాలా కోవ్ రేవు వచ్చును. చివరి పడవకు అరగంట ముందుగా చేరుట మేలు.