మూడో రోజుకే ఇంటికి వెళ్లండి

కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చి గద్వాల వైపు పోస్టింగ్ పడినవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఆ ఊరి పంటల లెక్క. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న ఈ నడిగడ్డలో సీడ్ పత్తి వేస్తారు. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ప్రతి మొగ్గకూ చేత్తో పని చేయాల్సిందే. మధ్యాహ్నం దాటాక మొగ్గ విప్పి పుప్పొడి తిత్తులు తీసేస్తారు, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి అద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. పూత ఉన్నన్నాళ్లూ రోజూ సాగాల్సిన పని ఇది. చిన్న చేతులైతే మొగ్గ నలగదని చెబుతారు గానీ, అసలు సంగతి కూలిలో ఉంది. ఆడపిల్లకు తక్కువిచ్చినా ఎదురు మాట్లాడదు. పైగా తల్లిదండ్రులు ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటారు.

కాబట్టి ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆడపిల్లల వరస పలచబడితే ‘చదువు మీద శ్రద్ధ లేదు’ అనుకోకండి. మూడో రోజుకే ఇంటికి వెళ్లండి. నెల దాటాక వెళితే ఆ పిల్లే సిగ్గుపడి పెరట్లోకి పోతుంది. పొద్దున పదింటికి వెళితే తాళమే కనబడుతుంది. చీకటి పడ్డాక, తల్లి పొయ్యి దగ్గరున్నప్పుడు వెళ్లండి. అడ్వాన్సు ఎంతని అడక్కండి. ‘పని ఇంకా ఎన్నాళ్లుందమ్మా?’ అని మొదలుపెడితే మిగతాది ఆమే చెబుతుంది.

‘మా సొంత చేనే సార్’ అంటారు. 2016 చట్ట సవరణ 14 ఏళ్లలోపు పిల్లలు కుటుంబ పనిలో సాయపడటానికి వీలిచ్చింది, అదీ బడి వేళలు కానప్పుడే. పువ్వు అద్దేది బడి గంట కొట్టే వేళకే కదా! ఈ మాట తల్లికి కాదు, కంపెనీ తరఫున విత్తన పంట వేయించే సీడ్ ఆర్గనైజరుకు చెప్పండి.

‘తమ్ముణ్ణి చూసుకుంటోంది’ అన్నా సరేననకండి. బడి బయటున్న పిల్లలంతా బాలకార్మికులేనని శాంతా సిన్హా నడిపిన ఎం.వీ. ఫౌండేషన్ పట్టుబట్టింది ఇలాంటి జవాబులు విన్నాకే. అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడి తమ్ముణ్ణి అక్కడ కూర్చోబెడితే అక్క బడికొస్తుంది.

ఏడాదిగా మానేసిన పిల్లనైనా 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. టీసీ లేదని తిప్పి పంపకూడదు. ఇంటిల్లిపాదీ వలస పోయేట్టుంటే, బస్సెక్కకముందే హాస్టలున్న కస్తూర్బా విద్యాలయంలో సీటు అడగండి.

పెద్దమనిషయ్యాక మానేసే పిల్లల సంగతికొస్తే, ముందు ఒక ప్రశ్న: మీ బళ్లో ఆడపిల్లల మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గరుంది? హెడ్మాస్టరు బీరువాలో ఉంటే అది లేనట్టే. తాళంచెవి లేడీ టీచరుకో, పెద్ద తరగతి అమ్మాయిలకో ఇప్పించండి.

హైస్కూలు పక్క ఊళ్లో ఉంటే ఛార్జీ సమస్య కాదు, 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచితమే. బడి వేళకు బస్సుండదు, అదీ చిక్కు. పిల్లల పేర్ల జాబితాతో డిపో మేనేజరుకు అర్జీ పెట్టండి.

పెళ్లి కబురు తోటి పిల్లల నోట ముందుగా తెలుస్తుంది. ఒంటరిగా ఆ ఇంటికి వెళ్లకండి. 1098కి ఫోన్ చేసి, మీ పేరు బయటికి రానివ్వొద్దని చెప్పండి. పెళ్లి ఆగి ఆ పిల్ల మళ్లీ బడికొచ్చిన రోజు, ఏం జరిగిందని క్లాసులో అడక్కండి. హాజరు వేసి పాఠం మొదలుపెట్టండి.