ఊడ్చిన ఇంటిలో ఎవరుందురు?

పాఠ్యభాగము: లూకా 11:24–26, దానియేలు 6:10



ఉజ్జీవ కూటములు జరిగినప్పుడెల్ల మన సంఘములలో కొందరు సహోదరులు ముందుకు వచ్చి, ఖైనీయో త్రాగుడో మానుచున్నామని తీర్మానము చేయుదురు. రెండు వారములు బాగుగానే గడచును. ఒక సాయంకాలము తప్పిపోవుదురు. సిగ్గుపడి ఆ తరువాతి ప్రభురాత్రి భోజనమునకు రారు. ఈ పాఠములో మనము ఆలోచింపవలసినది వారిని గూర్చియే.

అలవాటుకు ఒక వేళ, ఒక చోటు ఉండును. భోజనమైన వెంటనే అరచేతిలో సున్నముతో ఖైనీ నలుపువానిని చూడుడి. కంచము కడుగకముందే చేయి డబ్బీని వెదకును. ఆ వేళ రోజూ వచ్చును, తీర్మానము చేసినంతమాత్రమున రాక మానదు. అప్పుడు చేతికి వేరొక పని లేనియెడల పాత పనియే దొరకును.

ప్రభువు చెప్పిన ఉపమానములో ఇల్లు ఊడ్చి అమర్చియున్నది గాని అందులో కాపురముండువారు లేరు. వెళ్ళినది మరి యేడింటిని వెంటబెట్టుకొని వచ్చెను. (అక్కడ మాట అపవిత్రాత్మను గూర్చినది. ప్రతి చెడు అలవాటును దయ్యమనుట మా ఉద్దేశము కాదు.) దానియేలు సంగతి వేరు. పరదేశములో, యెరూషలేము తట్టు తెరచిన కిటికీయొద్ద, దినమునకు ముమ్మారు ప్రార్థించెను. రాజాజ్ఞ వచ్చిననాడు క్రొత్తగా మొదలుపెట్టలేదు. చోటు, వేళ అంతకుముందే కుదిరియున్నవి.

21 దినములలో ఏ అలవాటైనను కుదురునని కొందరు బోధింతురు. ఆ లెక్క 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అను అమెరికా ప్లాస్టిక్ సర్జన్ వ్రాసిన పుస్తకము నుండి ప్రాకినది. రోగి తన క్రొత్త ముఖమునకు అలవాటుపడుటకు కనీసము పట్టు కాలమును గూర్చి ఆయన వ్రాసెను. లండన్ యూనివర్సిటీ కాలేజీ వారు 96 మందిని పరిశీలించి 2009లో వెల్లడించినదేమనగా, రోజూ ఒకే సందర్భములో చేయు క్రొత్త పని అలవాటగుటకు మనిషిని బట్టి 18 మొదలు 254 దినములు పట్టును, మధ్యరకముగా 66. ఒక దినము తప్పినందున కట్టడము కూలలేదు. ఇది క్రొత్త అలవాటు చేసికొనుటను గూర్చిన పరిశీలనయే గాని పాతది మానుటను గూర్చినది కాదు. అయినను ఖాళీ చోటును నింపువానికి ఇది ఆదరణయే.

కావున ఖైనీ మానువాడు డబ్బీ పెట్టు జేబులో లవంగములో సోంపో పెట్టుకొనవలెను. భోజనము కాగానే లేచి నాలుగడుగులు నడువవలెను, లేదా పిల్లలచేత ఒక కీర్తన చదివించుకొనవలెను. కోరిక పుట్టిన కొద్ది నిమిషములే కష్టము. త్రాగుడు సంగతి ఇట్లు కాదు. ప్రతిదినము ఎక్కువగా త్రాగువాడు ఒక్కసారిగా మానినయెడల వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. వానిని ముందు డాక్టరు నొద్దకు తీసికొనిపోవుడి, ప్రార్థనయు మానవద్దు.

ఇక పెద్దలమైన మన పని. తప్పిపోయిన సహోదరుని పేరు కమిటీలో ఎత్తకముందు, అతని ఇంటికి ఇద్దరు వెళ్ళవలెను. ఎందుకు త్రాగితివని అడుగక, ఏ వేళ, ఎవరితో, ఎక్కడ అని అడుగవలెను. డ్యూటీ దిగి ఇంటికి వచ్చు దారిలోనని అతడు చెప్పినయెడల, కొన్నాళ్ళు ఆ దారిలో అతనితో నడువగలవాడు మన సంఘములో ఎవడున్నాడో వెదకుదము.