ఊపిరందని కొండ మీద

సికింద్రాబాదులో పరేడ్ గ్రౌండ్ చాలామందికి తెలుసు. అక్కడ ఒక స్మారకం ఉంది. దాని పేరు వీరుల సైనిక స్మారక్. ఏటా జూలై 26న సైన్యాధికారులు అక్కడికి వస్తారు. పూలు ఉంచి వందనం చేస్తారు. ఆ రోజు కార్గిల్ విజయ దినం.

కార్గిల్ ఎక్కడో ఉత్తరాన, హిమాలయాల్లో ఉంది. సికింద్రాబాదు ఇక్కడ ఉంది. రెండింటికీ సంబంధం ఏమిటి? సికింద్రాబాదు రెండు వందల ఏళ్లకు పైగా దండు ఊరు. ఈ జంటనగరాల నుంచి ఎందరో సైన్యంలో చేరారు. వారిలో ఒకరు కార్గిల్ కొండ మీద ప్రాణం ఇచ్చారు. ఆయన పేరు మేజర్ పద్మపాణి ఆచార్య.

ఎవరీ పద్మపాణి?

ఆచార్య గారి కుటుంబం ఒడిశా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడింది. తండ్రి వైమానిక దళంలో అధికారి. పద్మపాణి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివారు. మద్రాసులో సైనిక శిక్షణ పొందారు. రాజపుతానా రైఫిల్స్ రెండో పటాలంలో అధికారిగా చేరారు.

యుద్ధం ఎందుకు వచ్చింది?

కార్గిల్ ప్రాంతంలో చలికాలం మంచు నిలువెత్తున పడుతుంది. అప్పుడు కొండల మీది కొన్ని కాపలా స్థావరాలను ఖాళీ చేసి దిగేవారు. ఎండలు వచ్చాక మళ్లీ ఎక్కేవారు. 1999లో మనవాళ్లు ఎక్కేలోగానే పాకిస్తాన్ సైనికులు నియంత్రణ రేఖ దాటి వచ్చి ఆ శిఖరాల మీద కూర్చున్నారు.

ఆ కొండల కిందనే శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే రోడ్డు ఉంది. లేహ్ వాళ్లకు బియ్యం, మందులు, కిరోసిన్ చాలావరకు ఆ దారినే వెళ్లేవి. పైన కూర్చున్నవాడు రోడ్డు మీద వెళ్లే ప్రతి లారీనీ చూడగలడు, గుండు వేయగలడు. అందుకే ఆ శిఖరాలను తిరిగి పట్టుకోక తప్పలేదు.

కొండే మొదటి శత్రువు

తిరుమల కొండ మనకు తెలిసిందే. ఎత్తు సుమారు 2,800 అడుగులు. మెట్ల దారిన ఎక్కితే ఎంత ఆయాసం! ద్రాస్ దగ్గరి శిఖరాలు 15,000, 16,000 అడుగులు ఉంటాయి. అంటే తిరుమల కొండలు ఐదింటికి పైగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు.

ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. 16,000 అడుగుల దగ్గర ఒక్కో ఊపిరిలో అందే ప్రాణవాయువు మన ఊళ్లో అందేదాంట్లో సగం కంటే కొంచెమే ఎక్కువ. నాలుగడుగులు వేస్తే రొప్పు వస్తుంది. తల పగిలిపోతున్నట్టు నొప్పి. ఆకలి ఉండదు, నిద్ర పట్టదు. తొందరపడి ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి మనిషి చనిపోవచ్చు. అందుకే సైనికులను మధ్యలో కొన్ని రోజులు ఆపి, ఒంటికి అలవాటు చేసి పైకి పంపుతారు.

అక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. అందుకని కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదు. రాళ్ల కొండ. చాటుకు చెట్టు కూడా ఉండదు. ఎక్కేవాడి వీపు మీద బరువు, చేతిలో తుపాకి. పైనున్నవాడు రాళ్ల గూడులో కూర్చుని కిందికి కాలుస్తాడు.

జూన్ 28 రాత్రి

1999 జూన్ 13న ఈ పటాలమే తోలోలింగ్ శిఖరాన్ని గెలిచింది. తర్వాత ఇంకో గట్టి స్థావరాన్ని పట్టుకోవాలి. ఆ పని ఆచార్య గారి కంపెనీకి అప్పగించారు. వందమందికి పైగా ఉండే దళాన్ని కంపెనీ అంటారు.

ఆ రాత్రి పున్నమి. వెన్నెల పిండారబోసినట్టుంది. మనకు వెన్నెల హాయి. కొండ ఎక్కే సైనికుడికి అదే ముప్పు. పైనుంచి స్పష్టంగా కనిపిస్తాడు.

దారిలో శత్రువు మందుపాతరలు పెట్టాడు. ఫిరంగి గుండ్లు ముందు నడిచే జట్టు మీద పడ్డాయి. చాలామంది గాయపడ్డారు. దాడి ఆగిపోయేలా ఉంది. అప్పుడు ఆచార్య గారు వెనుక ఉంచిన జట్టును తీసుకుని తానే ముందు నడిచారు. శత్రువు గూటి దగ్గరకు పోయి చేతి బాంబులు విసిరారు. ఒళ్లంతా గాయాలయ్యాయి. ఇక కదలలేని స్థితి. తనను వదిలేసి ముందుకు పొమ్మని తనవాళ్లకు ఆజ్ఞ ఇచ్చారు. పడి ఉండే కాల్పులు సాగించారు. స్థావరం మన చేతికి వచ్చింది. ఆయన ప్రాణం పోయింది.

అదే రాత్రి అదే పటాలంలో నాగాలాండ్‌కు చెందిన కెప్టెన్ కెంగురూసే కూడా చనిపోయారు. నున్నటి బండ మీద పట్టు దొరకక, ఆ చలిలో ఆయన బూట్లు విప్పేసి వట్టి కాళ్లతో ఎక్కారు. ఇద్దరికీ మహావీర చక్ర ఇచ్చారు. యుద్ధంలో చూపిన శౌర్యానికి ఇచ్చే పతకాల్లో అది రెండోది.

తండ్రికి రాసిన ఉత్తరం

చనిపోవడానికి కొద్ది రోజుల ముందు ఆచార్య గారు తండ్రికి ఉత్తరం రాశారు. అప్పుడు ఆయన భార్య గర్భిణి. యుద్ధంలో చావులు తప్పవని, దిగులు పడవద్దని రాశారు. రోజుకొక మహాభారత కథ కోడలికి చెప్పమని, పుట్టే బిడ్డకు మంచి బుద్ధులు వస్తాయని కోరారు.

కొన్ని నెలలకు కూతురు పుట్టింది. నాన్న ఆమెను ఎత్తుకోలేదు. ఆయన మాట మాత్రం ఆ కాగితం మీద మిగిలింది.

కార్గిల్ యుద్ధంలో మన సైనికులు 527 మంది చనిపోయారు. ఆ తర్వాత 2020 జూన్ 15న, సుమారు 14,000 అడుగుల ఎత్తున గల్వాన్ లోయలో, సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది ప్రాణాలిచ్చారు. ప్రతి లెక్క వెనుకా ఒక ఇల్లు ఉంది. ఒక తల్లి, ఒక భార్య, ఒక బిడ్డ ఉన్నారు.

మన ఊళ్లోనూ సైనికుల కుటుంబాలు ఉండవచ్చు. కొడుకు రాసిన ఉత్తరం తల్లి తానే చదువుకోవాలి. పింఛను కాగితం మీద ఏముందో భార్యకు తెలియాలి. తెలియనివి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగవచ్చు. ఏటా పూలు పెట్టడం మంచిదే. ఆ ఇంటి తలుపు తట్టి "ఏమైనా చదివి పెట్టాలా అమ్మా?" అని అడగడం ఇంకా మంచిది.

చర్చించండి

1. శత్రువు శిఖరం మీద ఉంటే రోడ్డుకు ఏం ప్రమాదం?
2. ఎత్తయిన కొండ మీద ఊపిరి ఎందుకు అందదు?
3. తనను వదిలి ముందుకు పొమ్మని ఆచార్య గారు ఎందుకు చెప్పారు?
4. మీ ఊళ్లో సైన్యంలో పనిచేసినవారు ఉన్నారా? వారి ఇంటికి వెళ్లి మాట్లాడండి. తెలుసుకున్నది నాలుగు వాక్యాల్లో రాయండి.