పెళ్లి వీడియో ఫైళ్లు: చేయవలసినవి, చేయకూడనివి

సినిమా షూటింగులో అయితే మరో టేక్ అడగొచ్చు. జీలకర్ర బెల్లం పెట్టే ముహూర్తానికి రెండో టేక్ లేదు. రెండు చోట్లకు కాపీ అయ్యేదాకా ఆ పెళ్లంతా ఒక చిన్న మెమరీ కార్డులోనే ఉంటుంది. అందుకే ఇక్కడి జాగ్రత్తలు ఎక్కువగా ఆ కార్డు చుట్టూనే.

చేయవలసినవి

మండపానికి బయల్దేరే ముందే డిస్కులో ఖాళీ చూసుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీసే 4కే వీడియో గంటకు 45 జీబీ తింటుంది. మూడు కెమెరాలు ఆరేసి గంటలు తిరిగితే 810 జీబీ. అది ఒక్క కాపీకే.

నిండిన ఎస్‌డీ కార్డును కెమెరాలోంచి తీయగానే దాని లాక్ మీట జరపండి. ఖాళీ కార్డుల డబ్బాలో కాకుండా వేరే డబ్బాలో పెట్టండి. కార్డులు ఫార్మాట్ చేసే బాధ్యత ఒక్కరికే అప్పగించండి.

కార్డులో ఉన్న ఫోల్డర్లన్నిటినీ ఉన్నవి ఉన్నట్టే రెండు వేర్వేరు డిస్కులకు ఎక్కించండి. ఒకే డిస్కులో రెండు ఫోల్డర్లు పెడితే అవి రెండు కాపీలు కావు, డిస్కు పోతే రెండూ పోతాయి. కాపీ అసలుతో సరిపోయిందో లేదో చెక్‌సమ్‌తో చూసే సాఫ్ట్‌వేర్ వాడండి. డావిన్చి రిజాల్వ్‌లోని క్లోన్ టూల్ ఈ పని చేస్తుంది. ఆ తర్వాత కూడా క్లిప్పులు నాలుగైదు తెరిచి కళ్లతో చూడండి. ఒక డిస్కు ఆ రాత్రే మరొకరి ఇంటికి వెళ్లాలి.

ఒక్కో కెమెరాకు, ఒక్కో కార్డుకు వేరే ఫోల్డర్ పెట్టండి. ఫార్మాట్ అయ్యాక కొన్ని కెమెరాలు మళ్లీ ఒకటో నంబరు నుంచి పేర్లు పెడతాయి. రెండు కెమెరాల కార్డులూ ఒకే ఫోల్డర్‌లో పోస్తే ఒకే పేరున్న క్లిప్పులు ఎదురవుతాయి. అలసటలో ‘రీప్లేస్’ నొక్కారా, తలంబ్రాలు పోయి ఆ స్థానంలో భోజనాల పంక్తి మిగులుతుంది.

పాటలు, లోగోలు, ఫాంట్లు ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఉండాలి. అను ఫాంట్లతో కొట్టిన వధూవరుల పేర్లు ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలై కనిపిస్తాయి. టైటిళ్లను బొమ్మలుగా కూడా దాచండి.

చేయకూడనివి

ఎడిటింగ్ మొదలయ్యాక ఫైళ్ల పేర్లు మార్చకండి, చోటు కదపకండి. ప్రీమియర్ ప్రాజెక్టు ఫైలులో వీడియో ఉండదు, అది ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది.

‘ఫైనల్’, ‘లేటెస్ట్ ఫైనల్’ అని పేర్లు పెట్టకండి. సంవత్సరం, నెల, రోజు వరుసలో తేదీ, ఆపైన వెర్షన్ నంబరు చాలు.

కాపీ అవుతుండగా డిస్కు కేబుల్ లాగకండి.

బ్యాకప్ ఉందిలే అని ఊరుకోకండి. 1998లో పిక్సార్‌లో ‘టాయ్ స్టోరీ 2’ తయారవుతుండగా ఒక్క తప్పు కమాండ్‌తో సినిమా ఫైళ్లు చాలా వరకు చెరిగిపోయాయి. బ్యాకప్ సరిగ్గా పనిచేయడం లేదన్న సంగతి అప్పుడుగానీ బయటపడలేదు. పసిబిడ్డ ఉండటంతో ఇంటినుంచి పనిచేస్తున్న గాలిన్ సస్‌మన్ దగ్గరున్న కాపీయే ఆదుకుంది. అంత పెద్ద స్టూడియోకే తప్పలేదు. నెలకోసారైనా బ్యాకప్ డిస్కు పెట్టి ప్రాజెక్టు తెరిచి చూడండి.

పెన్‌డ్రైవ్ ఇచ్చేశాం కదా అని ముడి ఫుటేజ్ తుడిచేయకండి. ఎప్పటిదాకా ఉంచుతారో అడ్వాన్సు తీసుకునేటప్పుడే బిల్లు మీద రాయండి. గడువు దగ్గరపడ్డాక పెళ్లివారికి ఫోన్ చేసి, డిస్కు తెచ్చుకుంటే మొత్తం ఎక్కించి ఇస్తామని చెప్పండి.